ఇంజిన్ లైటు వెలిగినప్పుడు వినకూడని సలహాలు

నైల్స్ కాన్యన్ రోడ్డులో టాపు దించుకుని మూడో గేరులో పోతుండగా వెలిగింది. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ నుంచి సునోల్ వైపు వాగు వెంట మెలికలు తిరుగుతూ పోయే రోడ్డు అది. నా మియాటా లాంటి కారుకి అంతకంటే మంచి దారి ఈ చుట్టుపక్కల నేనెరగను. స్పీడోమీటరు దగ్గర ఇంజిన్ బొమ్మతో ఒక పసుపు లైటు. కారు నడకలో తేడా లేదు, చప్పుడు మారలేదు, ముళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. లైటు మాత్రం ఆరలేదు.

ఆ వారమంతా నాకు సలహాలే. ఆఫీసులో పక్క సీటాయన ఒకటి చెప్పాడు. లివర్‌మోర్ గుడి పార్కింగులో కారు చూడగానే ఒక పెద్దాయన దగ్గరికొచ్చి ఇంకోటి చెప్పారు. హైదరాబాదు నుంచి మా బావ ఫోన్‌లో మూడు చెప్పాడు. అందరూ నా మంచి కోరినవాళ్ళే. అయినా ఆ మాటల్లో చాలావరకు తప్పు. కొన్ని డబ్బు తగలేసేవి, రెండు మూడు ఇంజిన్‌నే తగలేసేవి. నాకు తెలిసిన మనవాళ్ళలోనే అరడజను మంది ఇలాంటి పాత రెండు సీట్ల కార్లు కొనుక్కున్నారు. వాళ్ళందరికీ ఇవే సలహాలు అందుతున్నాయి. అందుకని ఒక్కొక్కటీ తీసి, ఎందుకు వినకూడదో రాస్తున్నాను.

ముందు కారు గురించి నాలుగు ముక్కలు. మాజ్దా మియాటాని మొదటిసారి 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో చూపించారు. తయారీ హిరోషిమాలో. రెండు సీట్లు, నాలుగు సిలిండర్లు, వెనక చక్రాలకు శక్తి, దాదాపు వెయ్యి కిలోల బరువు. నాది 2001 మోడల్, అంటే రెండో తరం, 1.8 లీటర్ల ఇంజిన్. అమెరికాలో 1996 మోడల్ నుంచి అమ్మిన ప్రతి కారులాగే దీనికీ డాష్‌బోర్డు కింద, డ్రైవరు చేతికందేచోట, పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. ఇంజిన్ కంప్యూటర్‌కి ఏం నచ్చలేదో అక్కడే తెలుస్తుంది. పసుపు లైటు వెలిగిన రోజు చేయాల్సిన మొదటి పని ఆ సాకెట్‌లో స్కానర్ పెట్టి, వచ్చిన కోడ్‌ను కాగితం మీద రాసుకోవడం. నాకు వచ్చిన పదకొండు సలహాల్లో ఈ మాట ఒక్కటీ లేదు.

"కారు బాగానే పోతోందిగా? లైటు మీద నల్ల టేపు ముక్క అంటించు, లేదంటే బల్బు పీకెయ్యి." ఇది చాలా పాత సలహా. ఇప్పటికీ పాటించేవాళ్ళున్నారు. జ్వరం వస్తే థర్మామీటరు దాచేయడం లాంటిదిది. మొదటి తప్పుని దాచామంటే, ఆ తర్వాత వచ్చే రెండోదీ మూడోదీ కూడా అదే టేపు వెనకే ఉండిపోతాయి. ఎందుకంటే ఇంజిన్ కంప్యూటర్‌కి ఉన్నది ఒక్కటే లైటు. వదులైన పెట్రోలు మూతకీ అదే, ఆగి ఆగి కాలుతున్న సిలిండరుకీ అదే. పాత కారు కొనేవాళ్ళు ఈ బల్బు సంగతి ముందే పట్టుకోవచ్చు. తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఆపండి. ఇంజిన్, ఎయిర్‌బ్యాగ్, బ్యాటరీ, బ్రేక్ లైట్లన్నీ వెలగాలి. ఏదైనా ఒకటి వెలగకపోతే, బల్బు మాడిపోయి ఉండాలి, లేదా ఎవరో పీకి ఉండాలి. కాలిఫోర్నియాలో కార్లకి చేసే కాలుష్య పరీక్ష, స్మాగ్ చెక్‌లో కూడా ఇదే చూస్తారు. తాళం తిప్పినప్పుడు ఇంజిన్ లైటు వెలగకపోయినా ఫెయిలే, స్టార్ట్ చేశాక ఆరకపోయినా ఫెయిలే.

మా బావ సలహా వేరు. "బ్యాటరీ వైరు పది నిమిషాలు తీసి పెట్టు, మళ్ళీ తగిలించు, లైటు పోతుంది." పోతుంది, నిజమే. దాంతోపాటు మనకి దొరికిన ఒకే ఒక్క సాక్ష్యం కూడా పోతుంది. తప్పు జరిగిన క్షణంలో ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతోంది, కారు వేగమెంత, కూలెంట్ ఎంత వేడిగా ఉంది, పెట్రోలు మోతాదుని కంప్యూటర్ ఎంత సవరిస్తోంది అనే లెక్కలు కోడ్‌తోపాటు దాచి ఉంటాయి. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు దాన్ని. చల్లటి ఇంజిన్‌లో, నిలబడి ఉన్నప్పుడు వచ్చిన తప్పుకీ, అరవై మైళ్ళ వేగంలో ఎత్తు ఎక్కుతున్నప్పుడు వచ్చిన తప్పుకీ వెతకాల్సిన చోట్లు వేరు. ఆ సంగతి చెప్పగలిగేది ఆ ఫ్రేమే. బ్యాటరీ వైరు తీస్తే దాన్ని చెరిపేసినట్టే.

ఇంకో నష్టం కూడా ఉంది. స్మాగ్ చెక్‌కి పోయే ముందు రోజు ఇలా చెరిపేసుకుని వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోవాలి. కోడ్ చెరిపితే కంప్యూటర్ తన స్వీయపరీక్షల్ని మళ్ళీ మొదటినుంచి మొదలెడుతుంది. అవి పూర్తి కావాలంటే చల్లటి ఇంజిన్‌తో బయల్దేరి, కొంత ఊళ్ళో, కొంత ఫ్రీవే మీద, కొన్ని రోజులు నడపాలి. 2000 మోడల్, ఆ తర్వాత వచ్చిన పెట్రోలు కార్లలో పెట్రోలు ఆవిరి వ్యవస్థ పరీక్ష ఒక్కటే అసంపూర్తిగా ఉండొచ్చు. ఇంకేది మిగిలినా స్మాగ్ పాస్ కాదు. లైటు లేదు, కోడ్ లేదు, అయినా కారు ఫెయిల్. పైగా అసలు రోగం అలాగే ఉంటుంది కాబట్టి, పరీక్షలు పూర్తయ్యేలోపు లైటు మళ్ళీ వస్తుంది.

ఇక నన్ను నిజంగా దెబ్బతీసిన సలహా. "కోడ్ ఏ పార్టు పేరు చెబితే ఆ పార్టు మార్చెయ్."

నాకు వచ్చిన కోడ్ పి0171. దాని అర్థం మిశ్రమం పలచగా ఉందని. అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. ఈ సంగతి కంప్యూటర్‌కి చేరవేసేది ఎగ్జాస్ట్ పైపులో ఉండే ఆక్సిజన్ సెన్సర్. అందుకని చాలామంది దాన్నే అనుమానిస్తారు. నేనూ అదే చేశాను. ఊళ్ళో ఒక గ్యారేజీలో కోడ్ చూసి, ఇంకేమీ చూడకుండా, "సెన్సర్ పోయింది" అన్నారు. సరే అన్నాను. కొత్త సెన్సర్, కూలీ, పన్ను అన్నీ కట్టాను. తొమ్మిదో రోజు అదే లైటు, అదే కోడ్. గ్యారేజీ తప్పు కొంత ఉంది, నాది అంతకంటే ఎక్కువ. కోడ్ అనేది లక్షణం పేరు, జబ్బు పేరు కాదు. కడుపునొప్పి అని చెప్పినవాడికి కడుపు తీసి కొత్తది పెట్టరు కదా. ఆ సెన్సర్ నా దగ్గర అబద్ధం చెప్పలేదు. గాలి నిజంగానే ఎక్కువ వస్తోంది. ఎక్కణ్ణుంచి వస్తోందో వెతకడం మా పని.

పలచటి మిశ్రమానికి కారణాలు చాలా ఉంటాయి. ఎక్కడో రబ్బరు పైపు పగిలి, లెక్కలోకి రాని గాలి ఇంజిన్‌లోకి పోతుండొచ్చు. వచ్చే గాలిని కొలిచే సెన్సర్ మీద మురికి పేరుకుని తక్కువ చెబుతుండొచ్చు. పెట్రోలు పంపు నీరసించి ఉండొచ్చు, ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు. ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు ఎగ్జాస్ట్ పైపులో పగులుంటే బయటి గాలి లోపలికి పీల్చుకుని, లేని లోటుని ఉన్నట్టు చూపించొచ్చు. వీటిని విడదీయడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు, స్కానర్‌లో కనిపించే రెండు అంకెలు చాలు. వాటిని ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. కంప్యూటర్ తన లెక్కకి మించి ఎంత శాతం పెట్రోలు కలుపుతోందో చెబుతాయవి. సున్నాకి అటూ ఇటూ కొద్దిగా ఉంటే ఆరోగ్యం.

నా కారుని వేడెక్కించి, నిలబెట్టి చూశాను. ఐడిల్‌లో ఇరవై దాటి ఉంది. యాక్సిలరేటరు తొక్కి నిమిషానికి 2,500 చుట్లు తిప్పితే ఆరుకి పడిపోయింది. ఈ ఒక్క పరీక్షతో సగం సంగతి తేలిపోయింది. గాలి కారుతున్న రంధ్రం సైజు మారదు. ఇంజిన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు పీల్చే గాలి తక్కువ కాబట్టి దొంగగాలి వాటా పెద్దది. వేగం పెరిగితే అదే దొంగగాలి మొత్తంలో చిన్నదైపోతుంది. అదే పెట్రోలు పంపు బలహీనమైతే తీరు తిరగబడేది. ఐడిల్‌లో బాగుండి, ఇంజిన్ మీద బరువు పడ్డకొద్దీ అంకె పెరిగేది.

ఇక వెతకడమే మిగిలింది. ఇక్కడ కూడా ఒక సలహా వచ్చింది, అది ప్రమాదకరమైంది: "కార్బ్ క్లీనర్ డబ్బా తీసుకుని ఇంజిన్ చుట్టూ కొట్టు, ఎక్కడ కొడితే ఇంజిన్ చప్పుడు మారుతుందో అక్కడే లీకు." తర్కం సరైనదే. కానీ అది మండే ద్రవం. పక్కనే ఎగ్జాస్ట్ బాగా కాగి ఉంటుంది, అక్కడే నిప్పురవ్వలు పుట్టే వైర్లుంటాయి. పాత కారులో ఆ వైర్ల తొడుగులు కూడా పగిలే ఉంటాయి. చేయకండి. పొగ పరీక్ష చేసే గ్యారేజీలున్నాయి. ఇంజిన్ ఆపి, లోపలికి పొగ నింపుతారు, పగులున్నచోట పొగ బయటికొస్తుంది. నేను ఆ అవసరం రాకముందే పట్టుకున్నాను. ఒక్కో రబ్బరు పైపునీ మెత్తటి ప్లయర్‌తో నొక్కుతూ అంకె చూశాను. వాల్వ్ కవరు మీది పీసీవీ వాల్వ్ నుంచి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి పోయే పొట్టి గొట్టం నొక్కగానే ఐడిల్ మారింది, ట్రిమ్ దిగింది. బయటికి తీసి వంచి చూస్తే, పైనుంచి కనబడకుండా అడుగు వైపున వేలి పొడవు పగులు. ఇరవై ఏళ్ళు ఇంజిన్ వేడిలో ఉడికిన రబ్బరు బిస్కెట్‌లా విరిగింది. పది డాలర్లలోపు ఖర్చుతో కొత్త గొట్టం వేశాను. లైటు దానంతటదే ఆరింది. వరసగా మూడు ప్రయాణాల్లో తప్పు మళ్ళీ కనబడకపోతే కంప్యూటర్ తనే ఆర్పేస్తుంది, మనం చెరపనక్కర్లేదు.

పి0420 వచ్చినవాళ్ళకి ఇదే తప్పు ఇంకా ఖరీదు. ఆ కోడ్ కెటాలిటిక్ కన్వర్టర్ పనితనం తగ్గిందని చెబుతుంది. దానికి ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లుంటాయి. రెండూ ఒకేలా ఊగుతుంటే కన్వర్టర్ పని చేయడం లేదని కంప్యూటర్ అనుమానిస్తుంది. మిల్పిటాస్‌లో నాకు తమ్ముడి వరసయ్యే ఒక కుర్రాడు కోడ్ చూసిన రోజే ఆన్‌లైన్‌లో చవకగా దొరికిన కన్వర్టర్ వేయించుకున్నాడు. కాలిఫోర్నియాలో కంపెనీది కాని కన్వర్టర్ ఏది వేసినా ఆ రాష్ట్ర గాలి బోర్డు అనుమతి నంబరు దానిమీద ఉండాలి, అది ఆ మోడల్‌కి వర్తించాలి. అతనిదానికి లేదు. స్మాగ్‌లో చూడగానే ఫెయిల్ చేశారు. అంతకంటే బాధాకరం ఏమిటంటే, పాత కన్వర్టర్‌ని పాడుచేసింది సరిగా కాలని ఒక సిలిండర్. ఆ సంగతి ఎవరూ చూడలేదు కాబట్టి కొత్తది కూడా అదే దారి పట్టేది. పి0420 వస్తే మిస్‌ఫైర్, ఎగ్జాస్ట్ లీకు, ఆయిల్ తాగుతున్న ఇంజిన్, ఈ మూడూ లేవని తేలాకే కన్వర్టర్ మీద అనుమానం పెట్టుకోవాలి.

మెరుస్తున్న లైటు సంగతి ఇక్కడే చెప్పాలి. "మెరిసినా, నిలకడగా వెలిగినా ఒకటే, ఇంటిదాకా పోనీ." కాదు, ఒకటి కాదు. నిలకడగా వెలిగితే త్వరగా చూపించు అని అర్థం. మిణుకు మిణుకుమంటే, ఇప్పుడే, ఈ క్షణమే కన్వర్టర్ కాలిపోతోందని అర్థం. మండని పెట్రోలు సిలిండర్‌లోంచి ఎగ్జాస్ట్‌లోకి పోయి, కన్వర్టర్ లోపల మండుతుంది. లోపలి పింగాణీ తేనెపట్టు ఆ వేడికి కరిగిపోతుంది. కాలు తీసేయండి, మెల్లగా పక్కకి తీయండి. మెరుపు ఆగకపోతే టో బండిని పిలవండి. టో ఖర్చు కన్వర్టర్ ఖర్చులో చిన్న ముక్క.

ఆ తర్వాత కారణం వెతకడం మొదటి రెండు తరాల మియాటాల్లో అంత కష్టం కాదు. నాలుగు సిలిండర్లకి రెండే కాయిల్స్. ఒకటి 1, 4 సిలిండర్లకి, ఇంకోటి 2, 3 సిలిండర్లకి. కోడ్‌లో 1, 4 రెండూ కనబడితే కాయిల్‌ని అనుమానించండి. ఒక్క సిలిండరే కనబడితే ప్లగ్గు, లేదా దాని వైరు. ప్లగ్గు గుంటలో ఆయిల్ నిలిచి ఉంటే వాల్వ్ కవర్ గాస్కెట్ కారుతోందన్నమాట. అది మార్చకుండా వైర్లు ఎన్నిసార్లు మార్చినా కొన్నాళ్ళకి మళ్ళీ అదే.

ఇంకా పాత కార్లు, 1990 నుంచి 1995 దాకా వచ్చిన మియాటాలకి పదహారు పిన్నుల సాకెట్ ఉండదు. బానెట్ కింద ఒక చిన్న నల్ల పెట్టె ఉంటుంది. "అందులో ఏవో రెండు పిన్నులు వైరు ముక్కతో కలిపితే లైటే కోడ్ చెబుతుంది" అని నోటిమాటగా చెబుతారు. ఏవో రెండు కాదు. మూత లోపలివైపు పేర్లు రాసి ఉంటాయి. టీఈఎన్, జీఎన్‌డీ అనే రెండింటినే కలపాలి. అదే పెట్టెలో బ్యాటరీ కరెంటు నేరుగా వచ్చే పిన్ను కూడా ఉంది. దాన్ని పొరపాటున జీఎన్‌డీకి కలిపితే షార్ట్ అవుతుంది. సరిగ్గా కలిపి తాళం తిప్పితే లైటు మెరుస్తుంది. పొడుగు మెరుపులు పదులు, పొట్టివి ఒకట్లు. ఒక పొడుగు, అయిదు పొట్టివి వస్తే 15, ఆక్సిజన్ సెన్సర్ విషయం. అది కూడా లక్షణమే, తీర్పు కాదు.

ఇప్పటిదాకా చెప్పింది పసుపు లైటు గురించి. ఎరుపు లైట్లూ, గేజి ముళ్ళూ వేరు. నేను బాగా భయపడే సలహా వాటి గురించిందే: "పాత కారు కదా, సెన్సరే పోయుంటుంది, ముల్లు మధ్యలోనే ఉందిగా, నడుపు." మియాటా ముళ్ళ గురించి తెలిసినవాళ్ళు ఈ మాట అనరు. 1994 దాకా ఆయిల్ ప్రెషర్ గేజి నిజమైన గేజి, ఒత్తిడి పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. 1995 నుంచి అది పేరుకే గేజి, లోపల ఉన్నది స్విచ్చి లాంటిది. కాస్త ఒత్తిడి ఉంటే చాలు, ముల్లు మధ్యలో నిలబడుతుంది. అది పడిపోయిందంటే ఒత్తిడి దాదాపు లేనట్టే. అప్పుడు చేయాల్సింది ఇంజిన్ ఆపడం, ఆయిల్ కడ్డీ తీసి చూడడం. పక్క ఎగ్జిట్ దాకా కూడా పోకూడదు.

వేడి ముల్లుదీ అదే తీరు. కూలెంట్ చాలా మేరకు వేడెక్కినా అది మధ్యలోంచి కదలదు. కదిలి పైకి పోతోందంటే అప్పటికే ఆలస్యమైంది. ఇనప బ్లాకు మీద అల్యూమినియం హెడ్డు ఉన్న ఇంజిన్ ఇది, ఎక్కువ వేడికి హెడ్డు వంగుతుంది. ఆపి, బానెట్ తెరిచి, చల్లారేదాకా ఆగండి. వేడిమీద రేడియేటర్ మూత తిప్పితే మరుగుతున్న కూలెంట్ ముఖం మీదికి చిమ్ముతుంది. "నీళ్ళు పోసెయ్, పోతుంది" అనేవాళ్ళు పక్కనుంటే వాళ్ళని దూరం జరపండి. అసలు ఆ రోజు రాకుండా చూసుకోవచ్చు. రేడియేటర్ పైభాగం ప్లాస్టిక్ నల్లగా ఉండాలి. గోధుమరంగుకి తిరిగిందంటే పగలబోతోంది. పగిలేదాకా ఆగకుండా మార్పించండి.

బ్రేక్ లైటు గురించి క్లుప్తంగా. మలుపు తిరిగేటప్పుడు ఒక్క క్షణం మెరిసి ఆరిందంటే, డబ్బాలో బ్రేక్ ఆయిల్ తగ్గి, పక్కకి ఒరిగినప్పుడు ఫ్లోటు కిందికి దిగుతోందని అర్థం. "నింపెయ్" అంటారు. నింపితే లైటు ఆరుతుంది, ప్యాడ్లు అరిగిపోయిన సంగతి కూడా దాంతో మరుగున పడుతుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు బయటికొస్తాయి, ఆయిల్ వాటి వెనక్కి పోయి డబ్బాలో తగ్గుతుంది. ముందు ప్యాడ్లు చూడండి. అవి మందంగానే ఉంటే ఎక్కడో కారుతోంది, అప్పుడు కారు నడపకండి.

బ్యాటరీ లైటు వెలిగితే బ్యాటరీ పాతదైందని కాదు, ఛార్జింగ్ జరగడం లేదని. కొత్త బ్యాటరీ కొనే ముందు మల్టీమీటరు పెట్టండి. ఇంజిన్ నడుస్తుండగా దాదాపు 13.5 నుంచి 14.5 వోల్టులు రావాలి. పన్నెండు చిల్లర దగ్గరే ఉంటే ఆల్టర్నేటర్, బెల్టు, వైర్లు చూడాలి. నిజంగానే బ్యాటరీ మార్చాల్సి వస్తే, ఈ కారులో బ్యాటరీ డిక్కీలో ఉంటుందని మరవకండి. ఏజీఎం రకం, గాలి బయటికిపోయే సన్న గొట్టాలు తగిలించే వీలున్నదే కొనండి. మామూలు బ్యాటరీ వదిలే ఆసిడ్ ఆవిరి మూసిన డిక్కీలో చేరి రేకుని తినేస్తుంది.

మీ దగ్గర ఇలాంటి కారుంటే ఈ రాత్రి ఒక్క పని చేయండి. తాళం తిప్పి, స్టార్ట్ చేయకుండా, ఏ లైట్లు వెలుగుతున్నాయో లెక్కపెట్టండి. ఇంజిన్ లైటు వాటిలో లేకపోతే, ముందు ఆ బల్బు పెట్టించండి.